పిన్నీసు ముందు, బొందు వెనక

24 జనవరి 1984

గెలిచాను! ముందు ఈ ముక్క రాసుకుని తర్వాత అన్నం తింటాను. వంటింట్లోంచి ఆయన "ఏం గెలిచావు, లాటరీయా?" అని అరుస్తున్నారు. అరవనీ.

మూడేళ్ళుగా ఆ ఒక్క పాఠం దగ్గరే నా తల ప్రాణం తోకకొస్తోంది. కణంలో తయారయ్యే ప్రొటీన్ తను చేరాల్సిన పొర దగ్గరికి ఎలా చేరుతుంది? హైదరాబాదులో వేసవి శిక్షణకు వెళ్ళినప్పుడు విన్నాను. సిలబస్‌లో చేర్చారు గానీ మా పాఠ్యపుస్తకంలో ఇంకా రాలేదు. మొదటి ఏడు, అక్కడ రాసుకొచ్చిన ఇంగ్లీషు నోట్సే చదివేశాను. నందిగామ డిగ్రీ కాలేజీలో తెలుగు మీడియం పిల్లలు నా వంక చూసిన చూపు ఈ జన్మలో మర్చిపోను. రెండో ఏడు ఉత్తరాలు, చిరునామాలు అంటూ చెప్పాను. బ్రహ్మాండంగా తలలూపారు. తీరా పరీక్షలో, ప్రొటీన్ పూర్తిగా తయారయ్యాక ఎవరో చిరునామా అంటించి పంపుతారని రాశారు. నా మొహం! పూర్తయ్యాక కాదర్రా, తయారవుతుండగానే!

ఇవాళ పొద్దున టైలరు కుట్టిచ్చిన కొత్త పావడాకి బొందు ఎక్కిస్తున్నాను. అవతల నందిగామ బస్సుకి టైమైపోతోంది. బొందు కొసకి పిన్నీసు గుచ్చి నడుం మడతలో దూర్చి, బట్ట పైనుంచి వేళ్ళతో నెట్టుకుంటూ పోతున్నాను. పిన్నీసు ముందు, బొందు వెనక. అవతలి కన్నంలోంచి బయటికి రాగానే పిన్నీసు తీసేశాను. తీసేసి, అక్కడే చతికిలబడ్డాను. ఇంతేగా! ఇంతకంటే ఏముంది! పావడా, బొందు, పిన్నీసు సంచిలో పడేసుకుని జగ్గయ్యపేట బస్టాండు దాకా పరుగు.

థర్డియర్ క్లాసులో బల్ల మీద పావడా పరిచాను. మగపిల్లలు కిటికీలోంచి ఆకాశం చూశారు. ఆడపిల్లలు పైట నోటికి అడ్డం పెట్టుకున్నారు. బుల్లిబాబు ఉన్నాడే, మైలవరం వైపు మోతుబరి రైతు కొడుకు, వాడి నోటికి తాళం లేదు.

"మేడమ్, ఇవాళ జువాలజీయా, కుట్టు క్లాసా?"

"నోర్మూసుకుని ఇటు రా. ఈ బొందు వట్టిగా దూర్చు."

దూర్చాడు. లోపల ముడుచుకుపోయింది. మళ్ళీ దూర్చాడు, మళ్ళీ అంతే. చెమటలు పట్టాయి వాడికి. అప్పుడు పిన్నీసు ఇచ్చాను. సర్రున వెళ్ళింది. ఇక నేను ఆగలేదు. ప్రొటీన్ తల దగ్గర ఒక చిన్న ముక్క ఉంటుంది, అదే పిన్నీసు అన్నాను. రైబోజోమ్ ప్రొటీన్‌ని తయారుచేస్తూ ఉండగా ముందు ఆ ముక్క బయటికొస్తుంది. దాన్ని గుర్తుపట్టే వాడొకడు ఉంటాడు. వాడు "ఆగు" అని పని ఆపించి, రైబోజోమ్‌ని పొర దగ్గరికి లాక్కుపోతాడు. అక్కడ పని మళ్ళీ మొదలు. తయారవుతున్న కొద్దీ ప్రొటీన్ పొరలోంచి అవతలికి దూరుతుంది. దూరాక పిన్నీసు కత్తిరించేస్తారు. పిన్నీసు లేని ప్రొటీన్‌కి ఆ దారి లేదు.

చివరి బెంచీలో గరికపాడు పిల్ల కృపావతి లేచింది. మూడేళ్ళలో ఆ పిల్ల గొంతు నేను వినలేదు.

"మేడమ్, పిన్నీసు తోక దగ్గర పెడితేనో?"

"నువ్వే చెప్పు."

"దూరదండి. పిన్నీసు వచ్చేదాకా బొందంతా బయటే తయారై కూచుంటది."

ఆ మాటకి నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సుద్దముక్క పొడి అని చెప్పాను.

25 జనవరి

ప్రిన్సిపాల్ వీరరాఘవయ్య గారు పిలిపించారు. ఆయన చేతిలో కాగితమూ లేదు, నా మొహంలోకి చూపూ లేదు.

"ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి కూర్చునే క్లాసులో... అదేంటమ్మా?"

"ఏదండీ?"

"అదే."

"అదే అంటే?"

"ప్రసూనాంబ గారూ, మీకు తెలుసు, నాకు తెలుసు. ఇక ఆ ప్రస్తావన వద్దు."

ఆ మాట పలకడానికి కూడా ఆయనకు నోరు రాలేదు. ఇంట్లో చెబితే మా ఆయన కుటుంబరావు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. నాకేం నవ్వు రాలేదు.

27 జనవరి

వీరరాఘవయ్య గారు ఇవాళ కూడా నా వంక చూడలేదు. హాయిగా ఉంది.

30 మార్చి

వచ్చింది, వచ్చింది, వచ్చింది! "కణంలో తయారైన ప్రొటీన్లు త్వచాలను ఎలా చేరును?" పెద్ద ప్రశ్న! హాల్లోంచి బయటికొస్తూనే బుల్లిబాబు "మేడమ్, దంచేశాం" అని వరండా అవతల్నుంచి కేక. కృపావతి నా ముందునుంచి వెళ్ళేటప్పుడు నవ్వింది. ఈ ఏడు మా పిల్లల్ని పట్టేవాళ్ళు లేరు.

14 జూన్

పేపర్లో డిగ్రీ ఫలితాలు వచ్చాయి. మా వాళ్ళ నంబర్లు లేవు. ఒక్కటీ లేదు. అచ్చుతప్పు అయ్యుంటుంది. ఈ పేపరు వాళ్ళకు అచ్చుతప్పులు మామూలే.

15 జూన్

అచ్చుతప్పు కాదు.

మా థర్డియర్ జువాలజీ పిల్లలందరి ఫలితాలూ ఆపేశారు. చూచిరాతట! పేపర్లు దిద్దిన చోట, ఒకే కట్టలో వరసగా అన్ని పేపర్లలోనూ "పిన్నీసు, బొందు" అని కనపడిందట. ఏ పుస్తకంలోనూ లేని మాట అందరికీ ఒకేసారి ఎలా తోస్తుంది, హాల్లోకి చీటీ వెళ్ళి ఉంటుంది అని వాళ్ళ లెక్క. సరే, అంతవరకూ వాళ్ళను అనడానికి లేదు. నేనైనా అలాగే అనుకునేదాన్నేమో.

అసలు సంగతి ఇది కాదు. మే నెలలోనే యూనివర్సిటీ వాళ్ళు వీరరాఘవయ్య గారికి ఉత్తరం రాశారు. "మీ కాలేజీలో పిన్నీసు, బొందులతో పాఠం చెప్పారా?" అని. దానికి ఈ మహానుభావుడు ఏమని జవాబు రాశాడంటే, "అటువంటి వస్తువులు మా కళాశాలలో బోధనకు ఉపయోగించబడలేదు" అని!

"ఎందుకండీ అలా రాశారు?" అని మీదికెళ్ళాను.

"ఏం రాయమంటావమ్మా? ఇంతకాలం గౌరవంగా బతికిన కాలేజీ. లెటర్‌హెడ్ మీద ఆ మాట రాసి, కింద నేను సంతకం పెట్టాలా?"

"పిన్నీసు అని రాయడానికి ఏమైందండీ?"

"పిన్నీసు అంటే దేనికి అంటారు. దేనికంటే బొందుకంటాం. బొందు దేనికంటే?" అని ఆగిపోయాడు. "ఆ దారి ఎటు పోతుందో నాకు తెలుసమ్మా."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పాపం ఆయన చెడ్డవాడు కాదు. సిగ్గుపడ్డాడు. ఆయన సిగ్గుకి నా పిల్లలు దొంగలయ్యారు.

18 జూన్

కృపావతి, వాళ్ళమ్మ దేవమణి ఇంటికి వచ్చారు. దేవమణి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర హోటల్లో లారీల వాళ్ళకు రొట్టెలు కాలుస్తుంది. కృపావతికి ఎమ్మెస్సీ ఎంట్రన్సులో ర్యాంకు వచ్చిందట. జూలై పదో తారీకులోపు డిగ్రీ మార్కులు చూపించకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"అమ్మగారూ, నా పిల్ల చూసి రాసిందంటే నేను నమ్మను" అంది దేవమణి. "ఒకేళ రాసిందంటే చెప్పండి, తీసుకుపోయి నా పక్కన పీట వేస్తా."

"రాయలేదు దేవమణీ."

"అయితే ఆ ముక్క ఆళ్ళకి చెప్పండమ్మా. మీ మాటైతే ఇంటారు."

చెబుతానన్నాను. ఎందుకు చెప్పను? నాకేం భయం? నాకేం భయం లేదు.

20 జూన్

సంజాయిషీ రాశాను. పిన్నీసుకి బదులు సంకేత భాగం, ఇంకా పొర, రైబోజోమ్, బొమ్మతో సహా. చాలా గంభీరంగా వచ్చింది. పిన్నీసు ఊసే లేదు. ఇరవై ఏడున కాలేజీకే విచారణకు వస్తారట. పిల్లలకు కూడా కబురు పెట్టాను: ఎవరూ పిన్నీసు అనొద్దు, శాస్త్రం మాటల్లోనే చెప్పండి అని. పెద్దవాళ్ళ ముందు పావడాలూ బొందులూ ఏం బాగుంటాయి?

21 జూన్

రాత్రి బాగా నిద్ర పట్టింది.

22 జూన్

నిన్న రాసింది అబద్ధం.

24 జూన్

ఆదివారమైనా పిల్లల్ని కాలేజీకి రమ్మన్నాను. నేను రాసిన గంభీరమైన మాటలు ఒక్కొక్కరి చేత చెప్పించాను. బుల్లిబాబు "సంకేత... సంకేత..." అని తడుముకుని తల గోక్కున్నాడు. మిగతా వాళ్ళు గడగడా అప్పజెప్పారు, చిలకల్లా. వింటుంటే నాకే అనుమానం వచ్చింది, వీళ్ళు చూసే రాశారేమో అని!

కృపావతి వంతు వచ్చింది. నోరు విప్పలేదు.

"ఏమ్మా, రాలేదా?"

"వచ్చండి. చెప్పనండి."

"ఏం?"

"పిన్నీసు తీసేసి చెబితే నిజంగా దొంగతనం చేసినట్టే ఉంటదండి. పేపర్లో ఒకటి రాసి, ఇప్పుడు ఇంకోటి చెబితే ఎవరు నమ్ముతారు? మీరు సిగ్గుపడితే మేం తప్పు చేసినట్టేగా మేడమ్?"

ఎంత మాటంది! చెంప మీద కొట్టినట్టయింది. కాసేపు కోపం కూడా వచ్చింది, దాచుకోను. వీరరాఘవయ్య గారిని తిట్టిన నోటితోనే నేనూ అదే పని చేస్తున్నానా? సంజాయిషీ చింపేశాను. "మీకెలా వచ్చో అలాగే చెప్పండి" అన్నాను. బుల్లిబాబు "అమ్మయ్య!" అని బెంచీ మీద వాలిపోయాడు.

27 జూన్

ఇవాళ్టిది ఇవాళే రాయాలి. చెయ్యి నొప్పెట్టినా సరే.

ముగ్గురు వచ్చారు. పెద్దాయన ఉమాకాంతం గారు, యూనివర్సిటీలో ప్రొఫెసరు. నవ్వితే ఎవరో జరిమానా వేస్తారన్నట్టు ఉంటుంది మొహం. నన్ను ల్యాబులో సీసాల్లో కప్పల పక్కన కూర్చోమన్నారు. ల్యాబుకీ స్టాఫ్‌రూముకీ మధ్య గోడ లేదు, బీరువాలే అడ్డం. అంతా వినపడింది. వినొద్దని నాకు ఎవరూ చెప్పలేదు.

మొదట వీరరాఘవయ్య గారిని పిలిచారు. అడిగింది ఉమాకాంతం గారే.

"మీ లెక్చరర్ క్లాసులో ఏదో చూపించారని విన్నాం. మీరేమో లేదని రాశారు. ఏం చూపించారు?"

"ఒక వస్త్రం అండి."

"ఏం వస్త్రం?"

"ఆడవాళ్ళదండి."

"చీరా?"

"కాదండి. దానికి, అంటే... లోపల..."

"పావడా అనడానికి ఇంతసేపాండీ? మా ఇంట్లోనూ ఉతికి ఆరేస్తారు."

నా పక్క సీసాలో కప్ప కూడా నవ్వి ఉంటుంది. నేను మాత్రం చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

తర్వాత పిల్లల్ని ఒక్కొక్కర్నే పిలిచారు. ఒకళ్ళు చెప్పింది ఇంకొకళ్ళకు తెలియకుండా అటువైపు గుమ్మంలోంచి పంపేశారు. బుల్లిబాబుని "అందరూ పిన్నీసు అనే ఎందుకు రాశారు?" అని అడిగితే, "పిన్నీసుని ఇంకేమంటారు సార్?" అన్నాడు. చంపేశావు కదరా అనుకున్నాను. ఉమాకాంతం గారికి కోపం రాలేదు.

"సరే. ఈ పోలిక ఎక్కడ కుదరదు? అది చెప్పు."

"బొందు ముందే నేసి ఉంటది సార్. ప్రొటీన్ అట్టా కాదు. మా ఇంట్లో జనుముతో తాడు పేనతారు. పేనిన ముక్కని పేనినట్టు కన్నంలోంచి అవతలికి తోస్తా ఉంటే ఎట్టా ఉంటదో, అట్టా. తాడంతా అయినాక దూర్చేది కాదు."

భేష్! ఆ తాడు సంగతి నేను చెప్పింది కాదు. వాడి ఇంట్లోది.

అందరూ అయ్యాక చివర కృపావతి. ఏం చదివావు, ఏ ఊరు లాంటివేమీ లేవు. సూటిగా అడిగారాయన.

"మీ మేడమ్ చెప్పింది పొర దాటి అవతలికి పోయే ప్రొటీన్ల గురించి. కానీ కొన్ని అవతలికి పోవు. పొరలోనే ఉండిపోతాయి, సగం ఇటు, సగం అటు. మీ పిన్నీసుతో అది చెప్పగలవా?"

అది నేను చెప్పలేదు. చెప్పలేదనే కాదు, నాకే తెలీదు. హైదరాబాదులో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. తెలియని పిల్లని అడిగి, తెలీదంటే దొంగంటారా? లేచి వెళ్ళి "అది సిలబస్‌లో లేదండీ" అని అరుద్దామనుకున్నాను. సగం లేచాను కూడా.

"ముడి ఉండాలండి" అంది కృపావతి.

"ఏంటి?"

"బొందు మధ్యలో ముడి పడిందనుకోండి. పిన్నీసు అవతలికి వెళ్ళిపోద్ది. దాని వెనకాల బొందూ వెళ్ళిద్ది. ముడి దగ్గరికి వచ్చేసరికి మడతలో ఇరుక్కుపోద్ది. మా అమ్మ పావడాకి అట్టా ఇరుక్కుంటే ఎంత తిట్టుకునేదో! ఇక అటు పోదు, ఇటు రాదు. ప్రొటీన్ మధ్యలో కూడా అట్టాంటి ముక్క ఒకటి ఉండి ఉండాలండి. తల దగ్గరది తీసుకెళ్ళే ముక్కయితే, ఇది ఆపే ముక్క."

నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఉన్నాను. నిజమేనా? అవునా? అలాగే ఉంటుందా? నాకు తెలీదు! కానీ అలాగే ఉండాలనిపించింది, ఇంకోలా ఎలా ఉంటుంది అనిపించింది.

నన్ను లోపలికి పిలిచారు. కృపావతి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. వీరరాఘవయ్య గారు ఉమాకాంతం గారి కుర్చీ వెనక నుంచుని, ఏమడిగినా అవునని ఒప్పుకో అన్నట్టు నాకు తల ఊపుతున్నారు.

"ప్రసూనాంబ గారూ, ఈ ముడి సంగతి మీరే నేర్పి పంపారా? విచారణలో అడుగుతారని?"

"లేదండి."

"అయితే ముందే క్లాసులో చెప్పి ఉంటారు."

చెప్పానంటే నా పరువు నిలబడుతుంది. యూనివర్సిటీ ప్రొఫెసరు ముందు, నందిగామలో ఉండి కూడా ఇంత తెలుసు ఈవిడకి అని మెప్పు. ఒక్క "అవునండి" చాలు. కానీ అప్పుడు ఆ పిల్ల చెప్పింది నేను వల్లె వేయించిందే అవుతుంది.

"లేదండి. నాకు తెలీదు."

"మీకు తెలీదా?"

"తెలీదండి. ఇప్పుడే, కప్పల పక్కన కూర్చుని విన్నాను. అది తప్పో ఒప్పో కూడా చెప్పలేను. కానీ చూసి రాసే పిల్ల సొంతంగా ముడి వెయ్యలేదండి."

ఉమాకాంతం గారు కళ్ళజోడు తీశారు. తన సంచిలోంచి ఇంగ్లీషు పత్రిక ఒకటి తీసి బల్ల మీద పెట్టి, ఒక బొమ్మ మీద వేలు పెట్టారు. గీత ఒకటి పొర లోపల ఆగిపోయి ఉంది, మధ్యలో లావుగా నల్లటి ముక్క.

"నాలుగేళ్ళయింది పై దేశాల్లో ఈ మాట అనుకోవడం మొదలుపెట్టి. ఇక్కడ ఇంకా ఏ కాలేజీలోనూ చెప్పట్లేదు. ఆపే ముక్క అనే అన్నారు వాళ్ళు కూడా" అని, కృపావతి వైపు తిరిగి, "ముడి అనలేదమ్మా. ముడే బాగుంది" అన్నారు. అని నవ్వారు. ఆ మొహానికి నవ్వడం వచ్చు!

ఆ బల్ల మీదే, మా ఎదురుగానే రాశారు: చూచిరాత కాదు, ఫలితాలు వెంటనే ఇవ్వవలెను. మిగతా ఇద్దరూ సంతకాలు పెట్టారు.

బయట వరండాలో పిల్లలు చేసిన గోలకి హైవే మీద లారీలు కూడా వినపడలేదు. నేను కృపావతి రెండు చేతులూ పట్టుకున్నాను. ఏదో గొప్పగా అందామనుకుని "అన్నం తిన్నావా?" అన్నాను.

28 జూన్

ఇంకా కాగితం రాలేదు. ఒక్క రోజులో ఎలా వస్తుంది? వస్తుంది.

2 జూలై

రాలేదు. ఈయన "నువ్విలా గుమ్మం పట్టుకుని నిలబడితే పోస్ట్‌మాన్ భయపడి రావట్లేదు" అంటున్నారు.

5 జూలై

వచ్చింది!! అందరూ పాస్! బుల్లిబాబు బోటనీలో గట్టెక్కాడు, అదే వాడికి ఫస్టు క్లాసు. అసలు ఫస్టు క్లాసు కృపావతిది. జువాలజీలో మా కాలేజీకి ఇన్ని మార్కులు ఎప్పుడూ రాలేదు. సాయంత్రం బస్సులో ఎదురు సీటు ఆవిడకు చెప్పాను, పక్కావిడకు చెప్పాను, కండక్టరుకు చెప్పాను. కండక్టరు "మీ అమ్మాయాండీ?" అన్నాడు. "అవును" అన్నాను. ఎవరేమనుకుంటే నాకేం!

9 జూలై

కృపావతికి సీటు ఇచ్చేశారు. మార్కుల కాగితం చూపించి, పేరు రాయించుకుని, అక్కడి నుంచే నందిగామ పోస్టాఫీసుకి ఫోన్ చేయించింది. దేవమణి హోటల్లో లారీల వాళ్ళందరికీ రొట్టెల మీద ఉల్లిపాయలు ఊరికే పెట్టిందని బుల్లిబాబు వచ్చి చెప్పాడు.

మధ్యాహ్నం స్టాఫ్ మీటింగు. వీరరాఘవయ్య గారు లేచి, మైకు లేకపోయినా మైకు ముందు నిలబడ్డట్టు గొంతు సవరించుకున్నారు. "మన ప్రసూనాంబ గారు కనిపెట్టిన ముడి సిద్ధాంతం వల్ల ఇవాళ యూనివర్సిటీలో మన కాలేజీ పేరు మారుమోగుతోంది" అన్నారు. చప్పట్లు. ఇంకా చప్పట్లు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నా కోసం ఇన్ని చప్పట్లు ఎప్పుడూ మోగలేదు. బాగుంది, బాగోలేదని ఎందుకు అబద్ధమాడాలి? అవి అయ్యేదాకా ఆగి లేచాను.

"ముడి నేను కనిపెట్టలేదండి. నాకు తెలియను కూడా తెలీదు. కృపావతి చెప్పింది."

"ఎవరు చెబితే ఏంటమ్మా" అన్నారాయన, కూర్చోమన్నట్టు చెయ్యి ఊపుతూ. "మన కాలేజీ ముడే కదా."

"కాదండి. పిన్నీసు నాది. ముడి కృపావతిది."